పరుగు నాకు నిత్యకర్మ అయిన విధం



వేదాంత విచారణ జరిగే చోట స్థూలకాయం గురించి, పరుగు గురించి వ్రాయడం కొందరికి అసందర్భంగా తోచవచ్చు. కాని కామ్యకర్మకు, నిత్యకర్మకు గల భేదం గురుకులంలో కంఠస్థమైనప్పుడు నాకు బోధపడలేదు; యాభై ఏళ్ళు దాటిన తర్వాత కాలువగట్టు మీద రొప్పుతూ పరుగెత్తినప్పుడు బోధపడింది. అందుచేతనే ఈ వ్యాసం.

నాకు 54 సంవత్సరాలు. కోనసీమలోని ఒక చిన్న గ్రామంలో శివాలయ అర్చకత్వం మా వంశంలో పరంపరగా వస్తున్నది. ఎనిమిదవ ఏట ఉపనయనం, ఆ వెంటనే గురుగృహవాసం, కృష్ణయజుర్వేదంలో క్రమాంతం వరకు అధ్యయనం. ఆ రోజుల్లో నేను కృశాంగుణ్ణి. సమిధలకు నడిచేవాళ్ళం, బావిలో నీళ్ళు తోడేవాళ్ళం, పెట్టినంత తిని పెట్టనినాడు ఊరుకునేవాళ్ళం. ఆలయ బాధ్యత స్వీకరించిన తర్వాత నా జీవితం మూడు క్రియలకు పరిమితమైంది: ఆసీనుడనై ఉండడం, ఉచ్చరించడం, భుజించడం. ఉదయం చక్కెరపొంగలి, మధ్యాహ్నం ఏ గృహంలోనో వ్రతం, దాని వెంట నేతిలో వేగిన నూక ప్రసాదం, సాయంకాలం పులిహోర లేదా దద్ధ్యోదనం. తద్దినానికి భోక్తగా వెళ్తే గారెలు, బూరెలు. ఉపవాసమని పేరు పెట్టుకున్న ఏకాదశినాడు ఉప్మా, అరటిపళ్ళు, పాలు కలిసి అన్నం తిన్న రోజుకంటే ఎక్కువగానే ఉదరంలో చేరేవి. ప్రసాదాన్ని వద్దనడం దోషమన్న మాట నాకు ఎంత అనుకూలంగా ఉండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గు కలుగుతుంది.

మూడేళ్ళ క్రితం కార్తిక మాసంలో ఒక సోమవారం. మహాన్యాసపూర్వక ఏకాదశ రుద్రాభిషేకం జరుగుతున్నది. నమకం పదకొండుమార్లు, ప్రతి ఆవృత్తికీ చమకంలో ఒక్కొక్క అనువాకం. అయిదవ ఆవృత్తిలో, ఒక పదం మధ్యలో, నా ఊపిరి తెగింది. తెగరాని చోట తెగింది. వేదపాఠంలో విరామానికి స్థానం నియతమై ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడ గాలి పీల్చుకుంటే స్వరం భంగమవుతుంది. నలభై ఏళ్ళకు పైగా నోటిలో ఉన్న మంత్రం ఆనాడు నా ఛాతీలో చాలలేదు. నా కంఠం ఆగినా నమకం ఆగలేదు. పక్కన కూర్చున్న మేనల్లుడు ఆ పదాన్ని అందుకొని ముందుకు నడిపించాడు. భక్తులెవరూ గమనించలేదు. పూర్తయిన తర్వాత లేవబోయి గర్భాలయ ద్వారబంధాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. అప్పుడు వాడు మెల్లగా అడిగాడు: "మామయ్యా, ఒంట్లో బాగుండలేదా?"

బాగుందనే చెప్పాను. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం మా నాన్నగారు.

మా నాన్నగారికి మధుమేహం ఉండేది. ఒక వేసవిలో మధ్యాహ్నవేళ ఆలయ ప్రాంగణంలో రాతిపలకల మీద నడిచారు. పాదానికి బొబ్బ లేచింది. ఆయనకు తెలియలేదు, పాదాల స్పర్శజ్ఞానం అప్పటికే క్షీణించింది. బొబ్బ వ్రణమైంది, వ్రణం ముదిరింది, చివరికి మోకాలి క్రిందినుండి కాలు తీసివేయవలసి వచ్చింది. అంగవైకల్యం సంభవించినవారు గర్భాలయంలో అర్చన చేయరాదన్నది మా ఆలయ సంప్రదాయం. ఆ తర్వాత మూడేళ్ళు ఆయన ముఖమండపంలో నంది పక్కన పీట మీద కూర్చునేవారు. లోపల నేను అభిషేకం చేస్తుంటే బయటినుండి వింటూ, స్వరం తప్పితే ఒక దగ్గుతో తెలియజేసేవారు. 38 సంవత్సరాలు లింగాన్ని స్పృశించిన ఆ చేయి, నా ముందు చాచి తీర్థం పుచ్చుకునేది. ఆయన ఒక్కనాడూ ఏమీ అనలేదు. నేను మాత్రం తీర్థం పోసేటప్పుడు ఆయన ముఖంలోకి చూడలేకపోయేవాణ్ణి.

మరునాడే పట్టణానికి వెళ్ళి వైద్యుణ్ణి చూశాను. బరువు 94 కిలోలు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్షలో 8.2 వచ్చింది, 6.5 దాటితే మధుమేహమేనన్నారు. గుండె పరీక్షలు కూడా చేయించి, "మాత్ర వ్రాస్తాను పంతులుగారూ. కాని మీ వృత్తి కూర్చుని చేసేది. శరీరాన్ని కదిలించకపోతే మాత్ర ఒక్కటీ ఎంతని చేస్తుంది?" అన్నారు. మొదట నడవమనీ, నడక అలవాటయ్యాక మెల్లగా పరుగెత్తమనీ చెప్పారు.

ఇంటికి వచ్చి, చిన్ననాటినుండి దాచుకున్న గ్రంథాలు తీశాను. చరకసంహిత సూత్రస్థానంలో నిందితమైన ఎనిమిది రకాల శరీరాలను చెప్పే అధ్యాయం ఉన్నది. అతిస్థూలం వాటిలో ఒకటి. ఆయుర్హ్రాసం, చలనానికి అవరోధం, దౌర్బల్యం, అధిక స్వేదం, అధిక క్షుధ, అధిక తృష్ణ అంటూ చరకుడు చెప్పిన లక్షణాలు చదువుతుంటే నన్ను ఎదుట కూర్చోబెట్టుకొని వ్రాసినట్లనిపించింది. సుశ్రుతుని ప్రమేహ చికిత్స మరింత ఆశ్చర్యం కలిగించింది. ధనమూ బంధువులూ లేని రోగి గొడుగు, పాదరక్షలు విడిచి, భిక్షాన్నం తింటూ, గ్రామానికి ఒక్క రాత్రి చొప్పున నిలుస్తూ, మునివలె నూరు యోజనాలకు తగ్గకుండా నడవాలని ఆయన విధించాడు. రోగికి వైద్యుడు సన్న్యాసాన్నే ఔషధంగా వ్రాసి ఇచ్చాడన్నమాట. రోజంతా పీట మీద కూర్చుని, ఇంటింటా మృష్టాన్నం తినే నా జీవితానికి అది సరిగ్గా విపర్యయం.

కనుమ మరునాడు మొదలుపెట్టాను. వైద్యుడు చెప్పిన నడక సంగతి మరిచాను. అర్చకుణ్ణి కదా, సంకల్పం చెప్పుకోకుండా ఏదీ ఆరంభించలేను. మూడు నెలల్లో 15 కిలోలు తగ్గాలన్నది సంకల్పం. పంచె బిగించి కట్టి, కాలువగట్టు మీద లాకుల వైపు పరుగెత్తాను. రెండువందల అడుగులు వెళ్ళానో లేదో, సైకిలుకు పాలక్యానులు కట్టుకొని ఎదురువచ్చిన రైతు ఒకాయన బ్రేకు వేసి దిగిపోయాడు.

"ఏమైందండీ అయ్యగారూ? ఎవరైనా పోయారాండీ?"

ఏమీ కాలేదని చెప్పడానికి నాకు ఊపిరి లేదు. చెయ్యి మాత్రం ఊపాను. ఆ చెయ్యి ఆయనకు ఆలయం వైపు చూపినట్లు కనిపించింది. నేను ఇల్లు చేరేసరికి టీకొట్టు దగ్గర హుండీ పగిలిందన్న వార్త పుట్టింది. పదిమంది కర్రలు పట్టుకొని గుడి ముందు నిలబడ్డారు. పంతులుగారు పరుగెత్తడమంటే మా ఊరిలో ఉపద్రవం అని అర్థం. శుభకార్యానికి ఎవరు పరుగెత్తుతారు?

ఆ సిగ్గుతోనే తొమ్మిది రోజులు పరుగెత్తాను. పదవనాడు పిక్కలు, మోకాళ్ళు ఎదురుతిరిగాయి. కొత్తగా కొన్న తూకపుయంత్రం మీద రోజుకు రెండుమార్లు నిలబడేవాణ్ణి. ఒక కిలో తగ్గిననాడు సంతోషం, రథసప్తమి పరమాన్నం తర్వాత అది మళ్ళీ పెరిగిననాడు విషాదం. మాఘమాసంలో వివాహాలు వరుసగా వచ్చాయి. నాలుగు రోజులు తప్పాయి. అయిదవనాడు తీరిక ఉండి కూడా వెళ్ళలేదు. ఎలాగూ చెడింది కదా అనుకున్నాను.

ఆషాఢంలో రెండవ ప్రయత్నం. ముహూర్తాలు ఉండవు కనుక తీరిక ఎక్కువ. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నా ఫోనులో ఏదో యాప్ పెట్టాడు. వరుసగా ఎన్ని రోజులు పరుగెత్తితే అది అంత సంఖ్య చూపిస్తుంది. ఆ సంఖ్య పెరుగుతుంటే జపమాలలో పూసలు తిరుగుతున్నట్లు ఉత్సాహంగా ఉండేది. 24 వరకు వెళ్ళింది. శ్రావణ శుక్రవారం నాడు అయిదు ఇళ్ళలో వరలక్ష్మీవ్రతం చేయించి రాత్రి పదింటికి ఇల్లు చేరాను. మరునాడు ఉదయం చూస్తే ఫోనులో సున్న. ఇరవైనాలుగు రోజుల శ్రమ ఒక్క వృత్తంలో మునిగిపోయింది. ఆ సున్నను చూశాక మళ్ళీ ఒకటినుండి ప్రారంభించే ధైర్యం నాకు లేకపోయింది.

భాద్రపదంలో విషజ్వరం వచ్చింది. ఆరు రోజులు మంచం దిగలేదు. ఆ ఆరు రోజులూ సంధ్యావందనం మాత్రం మానలేదు. మంచం మీదనే కూర్చుని, లేవలేనినాడు పడుకొని, అర్ఘ్యం మానసికంగా ఇచ్చి, 108 గాయత్రికి బదులు పది గాయత్రులతో ముగించేవాణ్ణి. జ్వరం తగ్గిననాడు నా సంధ్య యథాప్రకారం సాగింది. సంధ్యావందనం భంగమైందనీ, మళ్ళీ మొదలుపెట్టాలనీ, ఇక నావల్ల కాదనీ నాకు అనిపించలేదు. నీరసంతో గోడకు ఆనుకొని కూర్చున్న ఆ మధ్యాహ్నం ఒక ప్రశ్న ఉదయించింది. నాలుగు రోజుల విరామానికి పరుగు చచ్చిపోయింది. ఆరు రోజుల జ్వరానికి సంధ్య ఎందుకు చావలేదు?

సమాధానం గురువుగారు ఎన్నడో చెప్పినదే. జైమిని మహర్షి పూర్వమీమాంస ఆరవ అధ్యాయంలో ఈ విచారణ చేశాడు. ఒక కర్మకు విధించిన అంగాలన్నీ చేయగలిగినవాడికే అధికారమా? కొన్ని మాత్రమే చేయగలిగినవాడికి కూడా ఉన్నదా? సిద్ధాంతం ఇది: నిత్యకర్మను యథాశక్తిగా చేయవచ్చు, ఏదో ఒక అంగం లోపించినంత మాత్రాన అది చేయనట్లు కాదు. ఫలాన్ని కోరి చేసే కామ్యకర్మ అట్లా కాదు. దానిని సాంగంగా చేస్తేనే ఫలం, అంగలోపం జరిగితే ఫలం లేదు. కామ్యాన్ని చేపట్టడం మన ఇచ్ఛ, చేపట్టకపోయినా దోషం లేదు. నిత్యాన్ని ఇచ్ఛ ఉన్నా లేకున్నా చేయాలి, మానితే ప్రత్యవాయం.

నేను పరుగును కామ్యకర్మగా చేశాను. పదిహేను కిలోలు ఫలం, మూడు నెలలు అవధి, ఒక్క రోజు తప్పితే అంగలోపం, వెంటనే కర్మ వ్యర్థం. ఫలం కనిపించినంతసేపే ఉత్సాహం ఉంటుంది. శరీరం ఫలాన్ని మెల్లగా, కొన్నిసార్లు ఇచ్చినట్లే ఇచ్చి మళ్ళీ తీసుకొని, తన ఇష్టప్రకారం ఇస్తుంది. తూకపుయంత్రాన్ని ఫలదాతగా నమ్ముకున్నవాడికి నిరాశ తప్పదు. సంధ్యావందనానికి ముందు ఈనాడు నాకు ఉత్సాహం ఉన్నదా అని నలభై ఆరేళ్ళలో ఒక్కసారైనా ప్రశ్నించుకున్నానా? లేదు. ఉత్సాహం లేని రోజులు వందలున్నాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు, నేనూ లెక్కపెట్టలేదు. చన్నీళ్ళు నెత్తిన పోసుకొని కూర్చుంటే సంధ్య జరిగిపోయింది.

పండితులు ఇక్కడ ఆక్షేపించవచ్చు. విధివాక్యం లేని పరుగు నిత్యకర్మ ఎట్లా అవుతుందని. నిజమే, కాదు. మాణవకుణ్ణి సింహమన్నట్లు ఇది గౌణప్రయోగమే. పరుగుకు పుణ్యం ఉందని నేను అనడం లేదు. నిత్యకర్మను నిలబెట్టే నియమాలను ఈ లౌకిక క్రియకు అరువు తెచ్చుకున్నానని మాత్రమే మనవి.

ఆ నియమాలు ఇవి. ఈసారి వైద్యుని మాట విని ముందు రెండు నెలలు నడక, తర్వాత నడకా పరుగూ కలిపి, ఆ పైన పరుగు. లాకులదాకా వెళ్ళిరావడం ముఖ్యకల్పం. రానూపోనూ నాలుగు కిలోమీటర్లు. రావిచెట్టు వరకు వెళ్ళిరావడం అనుకల్పం, ఒక కిలోమీటరు. అనుకల్పం చేసిననాడు కూడా ఆ రోజు జరిగినట్లే. సంధ్యాకాలం అతిక్రమిస్తే ప్రాయశ్చిత్తంగా ఒక అర్ఘ్యం ఎక్కువ ఇచ్చి ముందుకు సాగుతాం; వంద అర్ఘ్యాలు ఇవ్వము. అట్లాగే ఒకనాడు తప్పితే మరునాడు రెట్టింపు పరుగెత్తను. నా దూరమే పరుగెత్తుతాను. ఆలయం 5.30కి తెరవాలి కనుక నాలుగింటికే గట్టు మీద ఉంటాను. తిరిగివచ్చి స్నానం, మడి, సంధ్య, ఆ తర్వాత ఆలయం. కార్తికంలోనూ ధనుర్మాసంలోనూ ఆలయం ముందుగా తెరుస్తాము కనుక అప్పుడు ప్రదోషానికి ముందు వేళకు మార్చుకుంటాను. తూకం పౌర్ణమినాడు మాత్రమే. ఫోనులోని ఆ యాప్‌ను అబ్బాయిచేతనే తీయించాను.

ఎంత వేగంగా అన్నదానికి సుశ్రుతుడే ప్రమాణం. వ్యాయామం తన బలంలో సగం వరకే చేయాలని, హృదయంలోని వాయువు నోటికి వచ్చినప్పుడు ఆ సగం పూర్తయినట్లు గ్రహించాలని ఆయన చెప్పాడు. ముక్కుతో శ్వాస ఆడినంతసేపు పరుగెత్తుతాను. నోరు తెరుచుకోగానే నడకలోకి దిగుతాను. మొదట్లో యాభై అడుగులకే నోరు తెరుచుకునేది. ఒక్క విషయంలో మాత్రం సుశ్రుతుణ్ణి అనుసరించలేదు. చెప్పులు లేకుండా పరుగెత్తుతానంటే వైద్యుడు గట్టిగా వారించారు. చక్కెర ఉన్నవారి పాదానికి చిన్న ముల్లు కూడా ప్రమాదమన్నారు. మా నాన్నగారి బొబ్బ జ్ఞాపకం వచ్చి మారు మాట్లాడలేదు. తోలు తగలని బూట్లు, గుడ్డ, రబ్బరుతో చేసినవి, కొనుక్కున్నాను. ప్రతిదినం పరుగు తర్వాత అరికాళ్ళు దీపపు వెలుగులో పరీక్షించుకుంటాను.

రోజూ ప్రదక్షిణలు చేస్తూనే ఉంటారు కదా, వేరే పరుగెందుకని కొందరు అడిగారు. ప్రదక్షిణ వ్యాయామం కాదు. నెలలు నిండిన గర్భిణి నూనెకుండను ఎత్తుకొని నడిచినంత మెల్లగా చేయవలసినది అది. స్వామి చుట్టూ తిరుగుతూ కిలోమీటర్లు లెక్కపెట్టుకోవడం నాకు రుచించలేదు. దేనికి చెందినది దానికే ఉండాలి.

ఇక నేను ఊహించని లాభం ఒకటి చెప్పాలి. ప్రారంభంలో కాలం వృథా కాకూడదని పరుగెత్తుతూ అరుణప్రశ్న మననం చేద్దామనుకున్నాను. గురుగృహంలో చదివిన అనధ్యాయాలు గుర్తుకొచ్చాయి. యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయంలో తాత్కాలిక అనధ్యాయాలు 37 చెప్పారు. కుక్క, నక్క, గాడిద మొదలైనవాటి అరుపులు వినిపిస్తున్నప్పుడు, దుమ్ము వర్షించినప్పుడు, దుర్గంధం వచ్చినప్పుడు, శిష్టుడు ఇంటికి వచ్చినప్పుడు వేదం చదవరాదు. ఆ వరుసలోనే పరుగెత్తేవాడు చదవరాదని కూడా ఉన్నది. చిన్నప్పుడు ఈ పట్టిక విని నవ్వుకున్నాను: ఏ వేదపండితుడు పరుగెత్తుతాడని దీన్ని వ్రాశారు?

అది నాకోసమే వ్రాశారని ఇప్పుడు అనిపిస్తుంది. ఎనిమిదవ ఏటినుండి నా నోరు ఆగలేదు. మేల్కొన్నది మొదలు పరుండేవరకు మంత్రమో, నామమో, సంకల్పమో, ఇతరుల గోత్రనామాలో. అర్థం మీద దృష్టి లేకున్నా నోరు తనంతట తాను నడిచిపోయే స్థితికి ఎప్పుడో చేరుకున్నాను. అర్చకులందరికీ ఈ ప్రమాదం తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. గట్టు మీద ఆ అరగంట శాస్త్రమే నా నోరు మూయించింది. చీకటిలో కాలువ నీటి చప్పుడు, కొబ్బరాకుల చప్పుడు, నా పాదాల చప్పుడు. మొదటి వారాలలో ఆ నిశ్శబ్దం భయపెట్టింది. తర్వాత తర్వాత, స్నానం చేసి ఆలయంలో మొదటి మంత్రం ఎత్తుకున్నప్పుడు, దాన్ని నేను కొత్తగా వింటున్నాను. నోరు ఖాళీ అయిన తర్వాత వచ్చిన మాట వేరు. అనధ్యాయం అధ్యయనానికి విఘ్నమని బాల్యంలో అనుకున్నాను. అది అధ్యయనంలో భాగమేనని యాభై దాటాక తెలిసింది.

అయితే పరుగు ఒక్కటే బరువు తగ్గించదని సత్యం చెప్పాలి. నాలుగు కిలోమీటర్ల శ్రమను రెండు గంటెల చక్కెరపొంగలి ఇట్టే మింగివేస్తుంది. మేము రోజూ పఠించే తైత్తిరీయోపనిషత్తు అన్నశబ్దానికి రెండువైపులా అర్థం చెప్పింది: ప్రాణులు దేనిని తింటాయో అది అన్నం, ప్రాణులను ఏది తింటుందో అదీ అన్నం. మా నాన్నగారి కాలును తిన్నది ఏమిటో నాకు తెలుసు. అదే ఉపనిషత్తు అన్నాన్ని నిందించవద్దని వ్రతంగా విధించింది. కనుక ప్రసాదాన్ని నిందించను, వద్దనను. చిటికెడు తీసుకొని కళ్ళకద్దుకొని స్వీకరిస్తాను. మిగిలినది అక్కడే పిల్లలకు పంచుతాను. ప్రసాదం పరిమాణాన్నిబట్టి అనుగ్రహం ఉండదని భక్తులకు వందసార్లు చెప్పి ఉంటాను. నాకు నేను చెప్పుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఏకాదశినాడు ఉప్మా మానివేశాను. మా ఆవిడ మొదట నమ్మలేదు. రెండు ఏకాదశులు గిన్నె పక్కన పెట్టి చూసింది.

దేహం మీద ఇంత శ్రద్ధ దేహాత్మబుద్ధి కాదా అని ఒక మిత్రుడు, వేదాంతి, నన్ను నిలదీశాడు. నేను అభిషేకానికి వాడే రాగిచెంబును చూపించాను. దాన్ని ప్రతిదినం చింతపండుతో తోముతాను. తోమకపోతే చిలుము పడుతుంది, చిలుముపట్టిన చెంబుతో స్వామికి నీళ్ళు పోయలేను. తోముతున్నంత మాత్రాన నాకు రాగి మీద మమకారం ఉన్నట్లా? మిత్రుడు నవ్వి ఊరుకున్నాడు. కాని అతని ప్రశ్నను నేను పూర్తిగా కొట్టివేయలేదు. పౌర్ణమినాడు తూకంలో అంకె తగ్గితే నాకు కలిగే ఆనందం చెంబు మెరిసినప్పటి ఆనందం వంటిది మాత్రమే కాదు. అందులో అహంకారం కొంత ఉన్నది. దానినీ చూస్తున్నాను.

ఉత్సాహం సడలినప్పుడు ఏం చేయాలని నన్ను చూసి నడక ప్రారంభించిన మా ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు అడుగుతుంటారు. వారికి ఐతరేయ బ్రాహ్మణంలోని రోహితుని కథ చెబుతాను. సంచరిస్తూనే ఉండమని ఇంద్రుడు అతనికి చేసిన ఉపదేశం ప్రసిద్ధం. ఉపన్యాసాలలో తరచు వినిపిస్తుంది. కాని ఆ ఉపదేశం ఒక్కసారి జరిగింది కాదన్నది చాలామంది గమనించరు. రోహితుడు ఏడాది అడవిలో తిరిగి ఊరిదారి పట్టాడు. ఇంద్రుడు మనుష్యరూపంలో ఎదురై మళ్ళీ పంపాడు. మరుసటి ఏడాదీ అంతే. అట్లా అయిదుమార్లు. దేవరాజు ఉపదేశం కూడా ఒక్క సంవత్సరానికి మించి నిలవలేదు! మన ఉత్సాహం పదిరోజులకు ఆరిపోతే అందులో లజ్జించవలసినది ఏముంది? మళ్ళీ మళ్ళీ పంపేవారు ఉండాలి, లేదా మనల్ని అడగకుండానే లేపి నిలబెట్టే నియమం ఉండాలి. నాకు ఇంద్రుడు కనిపించలేదు. సైకిలు మీద పాలు తెచ్చే ఆ రైతే నా ఇంద్రుడు. ఒకనాడు గట్టు మీద కనిపించకపోతే సాయంకాలం గుడికి వచ్చి, "ఇవాళ తమరు రాలేదేంటండీ?" అని అడుగుతాడు. ఒకప్పుడు నేను పరుగెత్తితే ఏ ఉపద్రవం వచ్చిందోనని బెదిరినవాడు, ఇప్పుడు పరుగెత్తకపోతే బెదురుతున్నాడు.

ఈ నియమానికి రెండేళ్ళు దాటాయి. బరువు 79 కిలోలు. చక్కెర 6.6 దగ్గర ఉన్నది. రెండు మాత్రలు ఒకటి అయ్యాయి, ఆ ఒక్కటి అట్లాగే ఉన్నది. మోకాలు అప్పుడప్పుడు నొస్తుంది. ఆనాడు రావిచెట్టు వరకే. నావంటి వయస్సు, శరీరం కలవారు ముందు వైద్యుణ్ణి చూసి, నడకతోనే మొదలుపెట్టాలని నా ప్రార్థన. పిక్కలు ఎదురుతిరిగే వరకు నాలాగా మొండితనం వద్దు.

గడచిన కార్తికంలో సోమవారం నాడు ఏకాదశ రుద్రాభిషేకం చేశాము. అయిదవ ఆవృత్తి వచ్చినప్పుడు పక్కనున్న మేనల్లుడు ఓరకంట నావైపు చూడడం గమనించాను. ఆ పదం వచ్చింది, వెళ్ళింది. పదకొండూ పూర్తయ్యాయి. ద్వారబంధాన్ని ముట్టుకోకుండా లేచాను. తీర్థపాత్ర పట్టుకొని ముఖమండపంలోకి వచ్చి భక్తులకు తీర్థం ఇస్తూ, నంది పక్కన మా నాన్నగారు కూర్చునే చోటు దాకా వచ్చి ఆగాను. అక్కడ ఒక చిన్న పిల్లవాడు దోసిలి పట్టి నిలబడి ఉన్నాడు. వాడికి ఇచ్చి ముందుకు కదిలాను.

బూట్లు పెరటి అరుగు మీద ఉన్నాయి. ఈ మాటలు వ్రాస్తుంటే బయట చినుకులు పడుతున్నాయి. రేపు గట్టు బురదగా ఉంటుంది. లేవాలని ఇప్పటికైతే ఏమాత్రం అనిపించడం లేదు. నాలుగింటికి రావిచెట్టు వరకైనా వెళ్ళివస్తాను.

శివార్పణమస్తు.